రాతి కుక్క ఎదురుగా కరెంటు పెట్టెలు

లుంగ్‌వేయ్ ఊరు, లేయ్‌చౌ
మూడో నెల, అనాసలు కోసే రోజులు

చింగ్‌యా,

ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ చివరికి పోట్లాటే మిగులుతోంది. కాగితం మీదైతే మధ్యలో అడ్డు తగిలేవాళ్ళు ఉండరని ఇలా రాస్తున్నాను. పైగా ఇన్నేళ్ళు డీజిల్ జనరేటరు పక్కన మంచం వేసుకుని పడుకున్నందుకు నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. నువ్వు చెప్పేదాంట్లో సగం వినబడదు, వినబడ్డ సగం అర్థం కాదు.

కార్లకు కరెంటు నింపే స్టేషను పెట్టడానికి నీ కంపెనీ వాళ్ళు వచ్చారు. ఊరి మొదట్లో, ఓడరేవుకు పోయే రోడ్డు పక్కన, సరిగ్గా మన ఊరిని కాసే రాతి కుక్క కూర్చున్న చోటే వాళ్ళకు కావలసి వచ్చింది. అంత ఖాళీ ఎర్రమట్టి ఉండగా వేరే చోటే దొరకలేదా అమ్మా? ఊరంతా పోగైంది. ఊరి పెద్ద షౌషాన్ తాత, దేవుడి సమ్మతి అడిగే చెక్కలు రెండూ పట్టుకొచ్చి కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే కుక్కకు సమ్మతం. మొదటిసారి పడలేదు.

"చూశారా, కుక్కగారికి ఇష్టం లేదు. మీ పెట్టెలు ఎత్తుకుపోండి!" అన్నాడు తాత.

"ఇంకోసారి అడగండి తాతగారూ, మేం చాలా దూరం నుంచి వచ్చాం" అని నీ కంపెనీ కుర్రాళ్ళు బతిమాలారు. రెండోసారీ పడలేదు. ఈలోగా అన్నం వేళయింది. మూడోసారి పడింది. కుక్క ఒప్పుకుందో, తాత చెయ్యి నొప్పెట్టిందో నేను చెప్పలేను.

కుక్కను కాస్త పక్కకు జరిపారు. కానీ తాత ఊరుకోలేదు. కుక్క ఎప్పుడూ ముప్పు వచ్చే వైపే చూడాలి కదా. మన ముత్తాతల కాలం నుంచి అది సముద్రం వైపే చూసేది. ఇప్పుడు దాన్ని తిప్పించి నీ తెల్ల పెట్టెలకు ఎదురుగా కూర్చోబెట్టాడు. "వీటి మీద ఓ కన్నేసి ఉంచు" అని దాని చెవిలో చెప్పాడు కూడా.

ఎవరొస్తారే ఇక్కడికి? గుడ్లమ్మే ఆవిడ మూడు చక్రాల బండి ఒక్కటే వచ్చింది, దానికి మీ గొట్టం పట్టలేదు. ఎవరూ రాని దీన్ని మీవాళ్ళు ఎన్నాళ్ళు ఉంచుతారు?

రొయ్య పిల్లలను వదిలాను. రెండు పంటలు వరసగా వైట్ స్పాట్ తెగులుకు పోయాయి. ఇది మూడోది. ఇదీ పోతే చెరువు లీజుకిచ్చేసి, నీ దగ్గరికొచ్చి నీ గిన్నెలు తోముకుంటూ బతుకుతాను. నేను తోమితే ఎలా ఉంటాయో నీకు తెలుసు, కాబట్టి నా రొయ్యలు బాగుండాలని కోరుకో.

నీ అత్త
దాన్‌ఫెంగ్

◆

షెన్‌జెన్
నాలుగో నెల, వానలు మొదలయ్యాక

అత్తా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్క సీటు వాళ్ళు ఏమైందని అడిగితే, మా కొత్త స్టేషనుకు కాపలా కుక్కను పెట్టారని చెప్పాను. ఏ జాతి అని అడిగారు. రాతి జాతి అన్నాను.

నువ్వు ఆ పెట్టెలను ఊరికే తిట్టకు. నిన్న ప్రయోగశాలలో నేను చూసింది నీకు చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నా మణికట్టంత లావు తీగ. దాని లోపల కరెంటుతోపాటు చల్లటి ద్రవం కూడా తిరుగుతూ ఉంటుంది, లేకపోతే ఆ వేడికి తీగ కరిగిపోతుంది. దాన్ని కారుకు తగిలించాం. మన లుంగ్‌వేయ్‌లో అందరూ ఒకేసారి అన్నం కుక్కర్లు పెట్టుకున్నా అంత లాగరు అత్తా, అంత కరెంటు నా చేతిలోని తీగలో పోతోంది. చప్పుడు లేదు, మంట లేదు, వాసన లేదు. నేను పట్టుకునే ఉన్నాను, చెయ్యి చల్లగానే ఉంది. నేను టీ కలుపుకొని వచ్చేసరికి కారు నిండిపోయింది. ఈ పని చేసేది నేనే అయినా నాకు ఒళ్ళు జలదరించింది. ఉరుముల దేవుడికి గుడి కట్టుకున్న ఊళ్ళో పుట్టినదాన్ని కదా, ఆయన ఎదురుగా నిలబడ్డట్టే అనిపించింది.

మన ఊరి లైను సన్నం. అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు. అందుకే ఆ పెద్ద తెల్ల పెట్టె. నువ్వు పోటు వచ్చినప్పుడు తూము తీసి చెరువు నింపుకుంటావు చూడు, అదీ అంతే. రోజంతా కొంచెం కొంచెంగా లైనులోంచి లాగి దాచుకుంటుంది. కారు వచ్చినప్పుడు ఒక్కసారిగా ఇస్తుంది. నీ చెరువు పక్కన అంత కరెంటు నిలవ ఉంది, ఇంక ఆ డీజిల్ రాక్షసి దేనికి నీకు, అమ్మి పారెయ్!

ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగావు. అవన్నీ పైవాళ్ళు చూసుకుంటారులే. రొయ్యలెలా ఉన్నాయి?

నీ చింగ్‌యా

◆

లుంగ్‌వేయ్
ఐదో నెల, పున్నమి వెళ్ళాక

చింగ్‌యా,

నీ పెట్టె మాట్లాడింది. ఊళ్ళో ఇప్పుడు ఇంకో మాట లేదు.

పున్నమి నాడు షౌషాన్ తాత కుక్కకు అగరొత్తులు వెలిగించాడు. అన్నాళ్ళుగా ఎదురెదురుగా ఉన్నాక ఒకరికే పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే బాగుండదని, పెట్టె ముందు కూడా ఒక కట్ట గుచ్చాడు. నాలుగు బత్తాయిలు, ఒక ఉడకబెట్టిన కోడి. పొగంతా పెట్టె జాలీలోకి పోయింది. ఇంక చూడు, ఎర్ర దీపం, కూతలు, ఆ తర్వాత లోపలి నుంచి ఆడగొంతు: "దయచేసి దూరంగా జరగండి. మిమ్మల్ని గమనిస్తున్నాం."

"మాట్లాడిందిరోయ్!" అని తాత అక్కడికక్కడే సాగిలపడ్డాడు. వెనకాల పదిమంది సాగిలపడ్డారు. నేనూ పడబోయాను కానీ, ఆ గొంతు మీ షెన్‌జెన్ ఆడపిల్లల యాసలో ఉండడంతో ఆగాను. మర్నాడు మీవాళ్ళు వచ్చి, లోపల పొగను కనిపెట్టే పరికరం ఉంటుందని, అగరొత్తులు పెట్టొద్దని బోర్డు రాసిపోయారు. బోర్డు కింద ఎవరో ఎర్రగుడ్డ కట్టారు. పొగ రాదు కదా, మీవాళ్ళేం అనరులే.

రొయ్యలు వేలు పొడవున్నాయి. రాత్రి టార్చి వేస్తే చెరువు నిండా వాటి కళ్ళు మెరుస్తున్నాయి. ఎనిమిదో నెల పున్నమికి వచ్చే మధ్య శరదృతువు పండగలోపే పట్టెయ్యాలి. బాతులు కూడా గుడ్లు బాగా పెడుతున్నాయి. షెడ్డు ఖాళీగానే ఉందిగా, వాటిని అందులోకి తోలాను, నీడపట్టున హాయిగా ఉన్నాయి.

నీ అత్త

◆

షెన్‌జెన్
ఐదో నెలాఖరు

అత్తా,

బాతులు ఏ షెడ్డులో ఉన్నాయి? మనకున్నది ఒకటే షెడ్డు. అందులో జనరేటరు ఉండాలి. జనరేటరు ఎక్కడ?

ఫోన్ చేస్తే, "ఆఁ, వినబడట్లేదు, బాతులు అరుస్తున్నాయి" అని పెట్టేశావు. అత్తా, నేను ఎగతాళికి రాశాను. నువ్వు నిజంగా అమ్మేశావా?

ఇప్పుడు చెప్పేది కోపం తెచ్చుకోకుండా చదువు. ఆ తెల్ల పెట్టె నీకు ఒక్క బల్బు కూడా వెలిగించలేదు. దానిలోది కార్లకు మాత్రమే పోతుంది. లైనులో కరెంటు పోయిందంటే, బాగుచేసేవాళ్ళకు షాకు కొట్టకూడదని అది తనంతట తనే తాళం వేసుకుంటుంది. మేమే అలా తయారుచేశాం. లోపల ఎంత నిండుగా ఉన్నా ఇవ్వదు. తుఫానొచ్చి కరెంటు పోతే చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి, గంటలో రొయ్యలు పైకి తేలతాయి, తర్వాత నేను చెప్పనక్కర్లేదు.

వెంటనే ఒక జనరేటరు కొను. లేదా అద్దెకు తెచ్చుకో.

ఎందుకైనా మంచిదని నీకొక పార్సిలు పంపుతున్నాను. కొత్త కార్లలో చాలావాటికి కరెంటు తీసుకోవడమే కాదు, తిరిగి ఇవ్వడం కూడా వచ్చు. ఛార్జింగు పెట్టే చోటే ఈ తీగ తగిలిస్తే, అవతలి కొసన మామూలు ప్లగ్గు పెట్టుకోవచ్చు. నీవి ఇంటి కరెంటుతో తిరిగే చిన్న ఏరేటర్లే కాబట్టి ఒక కారు రెండింటిని తిప్పగలదు. మన ఊళ్ళో అలాంటి కార్లు లేవని నాకు తెలుసు. అయినా పంపుతున్నాను. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే.

నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళినదానివి, నా మాట ఒక్కసారి విను.

చింగ్‌యా

◆

లుంగ్‌వేయ్
ఏడో నెల

చింగ్‌యా,

అమ్మాను. నువ్వన్నావని అమ్మాను. చదువుకున్న పిల్ల, షెన్‌జెన్‌లో అంత పెద్ద ఉద్యోగం చేస్తున్నది, ఊరికే అంటుందా అనుకున్నాను. ఆ చప్పుడు లేకుండా ఒక్క వేసవి పడుకోవాలని నాకూ ఆశగా ఉండింది. కొన్నవాడు తిరిగివ్వనంటున్నాడు. అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర ఉన్నవన్నీ పెద్ద చెరువుల వాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. కొత్తదానికి చెప్పాను, పండగలోపు రాదట.

నీ పార్సిలు వచ్చింది. పాముల్లాంటి తీగలు. అటకెక్కించాను. "కారు లేని ఊరికి కారు తీగలు పంపిందా నీ మేనకోడలు?" అని షౌషాన్ తాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రొయ్యలు ఇప్పుడు అరచేతి మీద పెడితే నిండుగా ఉన్నాయే. ఇన్నేళ్ళలో ఇంత మంచి పంట నా కంట పడలేదు. భయం అందుకే.

నీ మీద కోపం లేదు. ఉంటే రాసేదాన్ని కాదు.

అత్త

◆

షెన్‌జెన్
ఎనిమిదో నెల మొదట్లో

అత్తా,

ఫోన్లు కలవడం లేదు. తుఫానుకు టవర్లు కూలిపోయాయంటున్నారు. లైన్లు బాగుచేయడానికి మీ వైపు వెళ్తున్న వాళ్ళలో ఒకాయన చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. మన జిల్లా మొత్తం చీకటిగా ఉందని ఇక్కడి తెరల మీద కనబడుతోంది. నీ స్టేషను బొమ్మ కూడా ఆరిపోయింది.

చెరువు సంగతి అడగను. నువ్వు బాగున్నావా, అది ఒక్కటి రాయి. ఒక్క వాక్యం చాలు. ఈయన చేతికే ఇవ్వు.

చింగ్‌యా

◆

లుంగ్‌వేయ్
ఎనిమిదో నెల, తుఫాను వెళ్ళాక

చింగ్‌యా,

బాగున్నాను. నువ్వడిగిన ఒక్క వాక్యం అయిపోయింది. మిగతాది మనసు పట్టలేక రాస్తున్నాను. లైన్లు బాగుచేసే ఆయన స్తంభం ఎక్కి ఉన్నాడు, దిగేలోపు పూర్తిచేయాలి.

తుఫాను వస్తోందని హైనాన్ దీవికి కార్లను ఎక్కించుకుపోయే ఓడలన్నీ ఆపేశారు. రేవు మూసేశాక అక్కడి నుంచి మన ఊరి దాకా కార్లే కార్లు. ఓడ ఎప్పుడు కదులుతుందో తెలియదు కదా, అందరూ నీ స్టేషను ముందు వరస కట్టారు. ఎవరూ రారని నేను ఎగతాళి చేసిన చోట ఒకదాని వెనక ఒకటి, నింపుకొని పోవడం. గాలి మొదలయ్యాక వాళ్ళు ఎక్కడికి పోతారు? షౌషాన్ తాత పూర్వీకుల మందిరం తలుపులు తీసి అందరినీ లోపలికి పిలిచాడు. చిలగడదుంప గంజి, ఉప్పుచేప పెట్టాం.

తుఫాను సంగతి నేను రాయలేను. పైకప్పు పెంకులు పక్షుల్లా ఎగిరిపోయాయి. తెల్లవారాక గాలి తగ్గింది, వాన తగ్గలేదు, కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. పరిగెత్తాను. గట్టు మీద నిలబడితే రొయ్యలు ఒడ్డుకు చేరి మీసాలు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. తెడ్డు పట్టుకుని నీళ్ళు కొట్టాను. ఒక్కదాన్ని ఎంతని కొట్టను? అప్పుడు అటక మీది నీ తీగలు గుర్తొచ్చాయి.

సంచిలో వేసుకుని మందిరానికి పరిగెత్తాను. గుమ్మం దగ్గర తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"దేనికొచ్చావో తెలుసు. పూర్వీకుల కప్పు కింద మన గంజి తాగినవాళ్ళను తిరిగి ఏమీ అడగకూడదే దాన్‌ఫెంగ్. అడిగితే పెట్టింది అమ్ముకున్నట్టు."

"రొయ్యలు చచ్చిపోతున్నాయి తాతా!"

"నాకు తెలీదా? ఉండు, కుక్కగారిని అడిగొస్తాను. ఆయన సరేనంటే నాదే పూచీ." చెక్కలు పట్టుకుని వానలోకి పోయాడు. గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటిసారి పడలేదు. మళ్ళీ పడలేదు. ఆ కుక్కను తిట్టరాని తిట్లు తిట్టాను, మనసులోనే.

లోపల హునాన్ నుంచి వచ్చిన ఒక తల్లీ కూతురూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. కూతురి పేరు థాన్ వేయ్. తల్లి నన్నే చూస్తోంది. "తడిసిపోయావు కదమ్మా, ఆ సంచిలో ఏంటి?" అంది. అడగకూడదు కానీ, అడిగితే చెప్పకూడదని ఎవరూ అనలేదు. సంచి తెరిచాను. థాన్ వేయ్ చటుక్కున లేచింది.

"ఇది కార్లకు పెట్టేది కదా! మేం దారిలో ఇలాంటిదాంతోనే అన్నం వండుకున్నాం. దీన్ని దేనికి తెచ్చావు ఆంటీ?"

"రొయ్యలు తేలుతున్నాయి" అన్నాను. అంతే అన్నాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

"చెరువెక్కడ?" అని ఆ పిల్ల తాళాలు తీసింది. వెనకాల ఇంకొకాయన లేచాడు, ఇంకొకావిడ లేచింది. తాత మూడోసారి చెక్కలు ఎగరేసే లోపే వాళ్ళ కార్లు ఆయన పక్కనుంచి పోయాయి. "ఆగండ్రా, ఇంకా చెప్పలేదు!" అని ఆయన అరుస్తున్నాడు. థాన్ వేయ్ అద్దం దించి, "మీరేం అడగలేదు తాతా, మేమే ఇస్తున్నాం. మీ కుక్కకు అలా చెప్పండి" అంది.

అతుకులు నేల మీద పెట్టొద్దని, తడవనివ్వొద్దని నువ్వు పార్సిల్లో రాసి పెట్టిన కాగితం చూసుకుంటూ అన్నీ చేశాం. అతుకులను ఇటుకల మీద పెట్టి, పైన బట్టలుతికే ప్లాస్టిక్ తొట్లు బోర్లించాం. గట్టు మీద కార్లు వరసగా నిలబడ్డాయి. థాన్ వేయ్ లోపల ఏదో నొక్కింది. ఏరేటరు రెక్క కొంచెం కదిలింది, ఆగింది, తిరిగింది. తర్వాత రెండోది. నీళ్ళు తెల్లగా లేచాయి.

చింగ్‌యా, చప్పుడు లేదే. లైను పోయినప్పుడు కరెంటంటే నాకు ఆ రాక్షసి మోతే కదా. ఆ కార్లు ఊరికే నిలబడి ఉన్నాయి, పొగ లేదు, వణుకు లేదు. ఉన్న చప్పుడంతా నీళ్ళదే. రెక్కలు నీళ్ళను కొడుతున్న చప్పుడు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళుగా నేను చెవిపెట్టి వినలేదని అప్పుడు తెలిసింది. నాకున్న ఒక్క చెవీ అటే పెట్టి ఎంతసేపు నిలబడ్డానో. రొయ్యలు ఒక్కొక్కటీ కిందికి దిగిపోయాయి.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చి గట్టు మీదే చతికిలపడ్డాను. ఆ కరెంటు ఎక్కడిది? ఎవరూ రాని రోజులన్నీ నీ పెట్టె మన సన్న లైనులోంచి బొట్టు బొట్టుగా దాచింది. నిన్న ఆ పరాయివాళ్ళ కార్లలోకి పోసింది. ఇవాళ అదే చక్రాల మీద వెనక్కి నా చెరువుకు వచ్చింది. తాళం వేసుకున్న పెట్టెలోంచి అది నా దగ్గరికి దారి వెతుక్కుంది. నాకు దేవుడి మీద భక్తి పెద్దగా లేదని నీకు తెలుసు. కానీ ఆ వానలో చేతులు జోడించాను, ఎవరికో తెలియదు.

"మీ కారులో అంకె తగ్గిపోతోంది కదమ్మా, మీ ప్రయాణం ఏమవుతుంది?" అని థాన్ వేయ్‌ను అడిగాను.

"ఎక్కడికి పోతాం ఆంటీ, సముద్రాన్నే మూసేశారు!" అని నవ్వింది. రోడ్లు తెగి తాత మనవడి చెరువు దగ్గర డీజిల్ అయిపోతే, మిగతా కార్లు అక్కడికి పోయాయి. ఈసారి తాత కుక్కను అడగలేదు.

ఆయన స్తంభం దిగుతున్నాడు. కరెంటు వచ్చిందట. కార్లన్నీ మళ్ళీ నీ పెట్టె ముందు వరస కడుతున్నాయి.

అత్త

◆

షెన్‌జెన్
తొమ్మిదో నెల

అత్తా,

నీ ఉత్తరం తడిసి, ఆరి, ఎర్రమట్టి మరకలతో వచ్చింది. దాన్ని పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నువ్వు చెరువు గట్టు మీద నిలబడింది, నేను ప్రయోగశాలలో ఆ తీగ పట్టుకుని నిలబడింది ఒకలాంటిదే. నేను దాని బలాన్ని చూసి ఆశ్చర్యపోయాను. నువ్వు అది ఎటు పోయిందో చూశావు. నాకది తట్టలేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగినప్పుడు మాట దాటేశాను. కార్లు రావడం లేదని ఈ ఏడు చివర్లో మన ఊరి స్టేషను తీసేద్దామనుకున్నారు. నీకు రాయడానికి చెయ్యి రాలేదు.

మీటింగులో నీ ఉత్తరం చదివాను, కుక్కను తిట్టిన భాగం వదిలేసి. ఎప్పుడూ ఫోను చూసుకుంటూ ఉండే పెద్దాయన తల ఎత్తి, "నీళ్ళ చప్పుడు దగ్గర మళ్ళీ చదువమ్మా" అన్నాడు. మళ్ళీ చదివాను. తర్వాత నేను అడిగాను: లైను పోయినప్పుడు ఊరి తీగల నుంచి విడిపోయి, చెరువులకు మాత్రం కరెంటిచ్చేలా ఒక మీట పెడదాం, ఈ ఒక్క స్టేషనులో చేసి చూద్దాం. ఒప్పుకున్నారు. స్టేషను ఉంటుంది అత్తా. మీట బిగించడానికి నేనే వస్తున్నాను.

తాతను ముందే అడిగి ఉంచు. ఈసారి కుక్క కాదంటే నేను ఒప్పుకోను.

చింగ్‌యా

◆

లుంగ్‌వేయ్
పదకొండో నెల

చింగ్‌యా,

నువ్వు వచ్చి మీట బిగించి, ప్రయోగం చేసి, నా ఏరేటర్లను నీ పెట్టెతోనే తిప్పి చూపించి వెళ్ళిపోయావు. వెళ్ళిన మర్నాడు జరిగింది నీకు తెలియదు, అందుకని రాస్తున్నాను.

పొద్దున్నే షౌషాన్ తాత నలుగురిని వెంటబెట్టుకుని కుక్క దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెక్కలు ఎగరేశాడు. మొదటిసారికే పడింది, ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.

"ఏం అడిగావు తాతా?" అన్నాను.

"నీకెందుకే" అని లేచి, మోకాళ్ళు దులుపుకుని, "పట్టండ్రా" అన్నాడు.

నలుగురూ కలిసి కుక్కను ఎత్తి, వెనక్కి తిప్పారు. ఇప్పుడది మళ్ళీ సముద్రం వైపు చూస్తోంది. నీ తెల్ల పెట్టెలు దాని వెనక ఉన్నాయి, మన ఇళ్ళ పక్కన, చెరువుల పక్కన.

పండగకు పట్టిన రొయ్యల్లో కొన్ని ఎండబెట్టి ఉంచాను. ఒక సంచి నీకు, ఒకటి హునాన్‌కు, థాన్ వేయ్ వాళ్ళకు పంపుతున్నాను. బాతులను షెడ్డులోంచి తీయడం లేదు, వాటికి అక్కడ అలవాటైపోయింది.

నీ అత్త
దాన్‌ఫెంగ్